కంగారు జీన్ కథ

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు' అని ఒక సామెత. 'ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు' అని ఇంకోటి. రెండూ మన పెద్దాళ్లు చెప్పినవే. అవసరాన్ని బట్టి ఒకే నోటితో చెప్పినవే. ఎదుటివాడి కొడుకు చెడిపోతే మొదటిది, మన కొడుకు చెడిపోతే రెండోది :)

మనిషిలో ఉండే కంగారు (జంతువు కాదు), గాభరా, గుబులు - ఇంగ్లీషువాడు అన్నిటినీ కలిపి యాంగ్జైటీ అనేస్తాడు - పుట్టుకతో వస్తుందా, బతుకు నేర్పుతుందా అన్న ప్రశ్న దగ్గర శాస్త్రవేత్తలు చేసింది కూడా దాదాపు ఇదే. కొన్నాళ్లు మొదటి సామెత, కొన్నాళ్లు రెండో సామెత. మధ్యలో 2003లో రెండు సామెతలనీ ఒకే సమీకరణంలో కలిపేసే అందమైన జవాబు దొరికిందనుకున్నారు. అదెలా దొరికింది, ఎలా చేజారింది అన్నదే ఈ టపా.

ఇప్పుడిదంతా ఎందుకంటారా? 'మా వంశంలోనే ఉంది బాస్, నాకూ తప్పదు' అనేవాళ్లు, 'అదంతా మైండ్‌సెట్ అండీ, స్ట్రాంగ్‌గా ఉండాలంతే' అనేవాళ్లు - ప్రతి ఆఫీసు క్యాంటీన్లోనూ ఈ రెండు పార్టీలూ ఉంటాయి. మొదటి పార్టీవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లరు, ఎలాగూ మారదు కాబట్టి. రెండో పార్టీవాళ్లూ వెళ్లరు, జబ్బే కాదు కాబట్టి. దారులు వేరైనా చేరే చోటు ఒకటే. వీళ్లు కాక, కాస్త ఉమ్మి పంపిస్తే మీ ఒత్తిడి జీన్ ఏదో తేల్చి చెబుతామనే వ్యాపారస్తులు మూడో పార్టీ.

1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు ఓ పసివాడి మీద ప్రయోగం చేశారు. పిల్లాడికి ఏడాది కూడా నిండలేదు. వాడికి తెల్ల ఎలుకంటే ఏ భయమూ లేదు. ఎలుకని ముట్టుకోబోయినప్పుడల్లా వెనకనుంచి ఇనుప కడ్డీ మీద సుత్తితో ఠంగుమని కొట్టారు. కొన్నిసార్లకి ఎలుక కనబడితే చాలు ఏడుపు మొదలైంది. ఆ తర్వాత కుందేలుకీ, కుక్కకీ, బొచ్చు కోటుకీ కూడా. భయం నేర్పితే వచ్చేదేనని వాట్సన్ తీర్మానించాడు. ఒకే ఒక్క పిల్లాడితో! పైగా నేర్పిన భయాన్ని పోగొట్టకుండానే ఆ పిల్లాణ్ణి పంపించేశారు. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ముందైనా పెడితే ఆ కాగితం చింపి ముఖాన కొడతారు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో 1934లో కాల్విన్ హాల్ అనే ఆయన ఎలుకల్ని పెద్ద ఖాళీ వలయంలో వదిలి, అవి ఎన్ని పెంటికలు వేస్తాయో లెక్కపెట్టాడు. భయపడ్డ ఎలుక ఎక్కువ వేస్తుంది. (సైన్సులో మెట్రిక్స్ అంటే అన్నీ మన డాష్‌బోర్డుల్లా శుభ్రంగా ఉండవు.) 1950ల్లో లండన్‌లోని మాడ్‌స్లీలో పీటర్ బ్రాడ్‌హర్స్ట్ ఇదే కొలతతో ఎక్కువ భయపడేవాటిని ఎక్కువ భయపడేవాటితో, తక్కువవాటిని తక్కువవాటితో జత కలుపుతూ పోయాడు. కొన్ని తరాలకి రెండు వేర్వేరు జాతుల్లాంటివి తయారయ్యాయి. ఒంగోలు ఎడ్లని ఎంచి పెంచినట్టే, భయాన్ని కూడా ఎంచి పెంచొచ్చన్నమాట. అంటే అది రక్తంలో ఉన్నట్టే కదా?

ఇక్కడ నాకు బాగా నచ్చిన మనిషి జెరోమ్ కేగన్. పుట్టినప్పటినుంచీ గమనిస్తూ వచ్చిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో ఆయన పరిశీలించి, 1962లో ఇంకొకరితో కలిసి పుస్తకం వేశాడు. చిన్నప్పుడు బెరుగ్గా ఉన్న పిల్లల్లో ఆ బెరుకు పెద్దయ్యాక కూడా మిగిలినట్టు ఆయన లెక్కల్లోనే కనబడింది. కానీ అంతా పెంపకమే అని నమ్మే కాలం అది, ఆయనా ఆ బడిలోవాడే. దానికి పెద్ద ప్రాధాన్యం ఇవ్వలేదు. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత హార్వర్డ్‌లో మళ్లీ ఆ ప్రశ్ననే పట్టుకున్నాడు. నాలుగు నెలల పిల్లలకి రంగురంగుల బొమ్మలు ఆడించి, కొత్త కొత్త శబ్దాలు వినిపించాడు. సుమారు 20 శాతం మంది కాళ్లూ చేతులూ విపరీతంగా కొట్టుకుని ఏడ్చారు. ఏళ్ల తర్వాత చూస్తే కొత్తవాళ్ల ముందు ముడుచుకుపోయే పిల్లలు వీళ్లలోనే ఎక్కువ. అయితే వాళ్లలో చాలామంది మామూలుగానే పెరిగారు. కాకపోతే బొత్తిగా భయమంటే ఎరగని మనుషులు మాత్రం వాళ్లలోంచి అరుదుగా వచ్చారు. నాలుగు నెలల పిల్లాణ్ణి చూసి 'వీడు పిరికివాడవుతాడు' అంటే తప్పే అవకాశం ఎక్కువ, 'వీడు మహా తెంపరి కాడు' అంటే మాత్రం చాలావరకు నిజమవుతుంది. పుట్టుక గమ్యాన్ని చెప్పదు గానీ కొన్ని దారుల్ని ఇరుకు చేస్తుంది అని నేను అర్థం చేసుకున్నాను.

సరే, అసలు కథకొద్దాం.

1987 చివర్లో అమెరికాలో ప్రొజాక్ మందుకి అనుమతి వచ్చింది. మెదడు కణాల మధ్య సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి లాగేసుకునే ఓ ప్రోటీను ఉంది. ప్రొజాక్ దాన్ని అడ్డుకుంటుంది. కుంగుబాటుకీ, ఆందోళనకీ ఈ రకం మందులు పనిచేస్తున్నాయంటే ఆ ప్రోటీను జీన్లో ఏదో మర్మం ఉండాలనుకున్నారు. దీపం కింద వెతికినట్టే గానీ, చేతిలో ఉన్న దీపం అదొక్కటే మరి.

1996 నవంబరులో జర్మన్ శాస్త్రవేత్త క్లాస్-పీటర్ లెష్ బృందం 'సైన్స్' పత్రికలో సంచలనం రేపింది. 17వ క్రోమోజోము మీద ఉన్న ఆ జీన్ ముందు భాగంలో కొందరికి ఓ 44 అక్షరాల ముక్క ఉంటుంది, కొందరికి ఉండదు. ఉంటే పొడుగు రకం, లేకపోతే పొట్టి రకం. పొట్టి రకం ఉన్నవాళ్లలో ఆ ప్రోటీను తక్కువగా తయారవుతుంది. 505 మందిని పరీక్షిస్తే, పొట్టి రకం ఉన్నవాళ్లలో ఆందోళన స్వభావం కాస్త ఎక్కువ కనబడింది. ఎంత ఎక్కువ? మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో 3 నుంచి 4 శాతం ఈ ముక్క వల్లేనని వాళ్లు రాశారు. అంకె చిన్నదే, వాళ్లు దాచలేదు కూడా. పేపర్లవాళ్లకి అంత ఓపికెక్కడిది, 'ఆందోళన జీన్' అని పేరు పెట్టేశారు.

ఒక్క తిరకాసు అప్పుడే ఉంది. ఆ ప్రోటీనుని మందుతో అడ్డుకుంటే ఆందోళన తగ్గుతోంది, పుట్టుకతో ఆ ప్రోటీను తక్కువుంటే ఆందోళన పెరుగుతోంది! మన కోడ్‌లో ఇలాంటిది కనబడితే ఎవరో ఒకరు లేచి 'ఆగండాగండి' అంటారు. ఇక్కడ మెదడు ఎదిగే దశలో వేరు, పెద్దయ్యాక వేరు అని సర్దిచెప్పుకున్నారు. సమాధానం అసాధ్యమేమీ కాదు, కాకపోతే కొంచెం సౌకర్యంగా ఉంది.

2002లో అహ్మద్ హరీరి బృందం 28 మందిని స్కానర్లో పడుకోబెట్టి భయపడుతున్న ముఖాల బొమ్మలు చూపించింది. పొట్టి రకం వాళ్ల మెదడులో, భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం ఎక్కువ స్పందించింది. ఇరవై ఎనిమిది మంది. మా పాత ప్రాజెక్టులో ఒక టీం స్టాండప్ మీటింగుకి అంతకంటే ఎక్కువమంది వచ్చేవాళ్లు.

ఆ తర్వాత 2003 జులైలో వచ్చింది అసలు బాంబు. న్యూజిలాండులోని డునెడిన్ ఊళ్లో 1972-73లో పుట్టిన 1037 మంది పిల్లల్ని చిన్నప్పటినుంచీ వదలకుండా గమనిస్తున్న అధ్యయనం ఒకటుంది. అవ్‌షలోమ్ కాస్పి, టెర్రీ మొఫిట్ అనే భార్యాభర్తల బృందం వాళ్లలో 847 మందిని తీసుకుని, 21 నుంచి 26 ఏళ్ల మధ్య వాళ్లకొచ్చిన కష్టాలు (ఉద్యోగం, డబ్బు, ఇల్లు, ఆరోగ్యం, ప్రేమ వగైరా) లెక్కగట్టింది. కష్టాలేమీ రానివాళ్లలో జీన్ ఏ రకమైనా కుంగుబాటులో తేడా లేదు. నాలుగు, అంతకు మించి కష్టాలు వచ్చినవాళ్లలో మాత్రం, పొట్టి రకం ఉన్నవాళ్లు కుంగుబాటుకి గురవడం దాదాపు రెట్టింపు. జీన్ ఒక్కటే ఏమీ చెయ్యదు, కష్టం ఒక్కటే అంత చెయ్యదు, రెండూ కలిస్తేనే కూలుతుంది! ఇది కుంగుబాటు గురించి కదా, ఆందోళన సంగతేమిటని మీరడగొచ్చు. ఈ రెండూ అన్నదమ్ముల బిడ్డలు, ఆ చుట్టరికం గురించి కాసేపట్లో చెబుతాను.

ఎంత అందమైన కథో చూడండి. అమ్మానాన్నలిచ్చిన రక్తానికీ మర్యాద దక్కింది, బతుకులో పడ్డ దెబ్బలకీ మర్యాద దక్కింది. ఆ పేపరుని వేలమంది ఉదహరించారు. కోతుల్లోనూ ఇలాంటిదే ఉందన్నారు: పొట్టి రకమున్న కోతిపిల్ల తల్లి దగ్గర పెరిగితే బాగానే ఉంది, తల్లి లేకుండా తోటి పిల్లలతోనే పెరిగితే దాని సెరటోనిన్ తీరు మారింది. 2010లో ఇంకో ఇద్దరు మరీ ముందుకెళ్లి 29 దేశాల లెక్కలు తీశారు. తూర్పు ఆసియాలో పొట్టి రకం చాలా ఎక్కువ, అయినా ఆందోళన, కుంగుబాటు తక్కువగా కనిపిస్తున్నాయి, అందుకు కారణం వాళ్ల సమష్టి సంస్కృతి కాపాడటమే అన్నారు. లెక్క సరిపోకపోతే సంస్కృతిని తెచ్చి అతికించడం! ఆ పెద్ద దేశాల్లో డాక్టరు ముందు నోరు విప్పి చెప్పుకునేవాళ్లే తక్కువేమో అన్నది కూడా చూడాలి కదా.

దెబ్బ 2009లో పడింది. నీల్ రిష్, కాథ్లీన్ మెరికాంగస్ మొదలైనవాళ్లు అంతవరకు వచ్చిన 14 అధ్యయనాలు, 14,250 మంది లెక్కలు కలిపి చూశారు. కష్టాలకీ కుంగుబాటుకీ సంబంధం స్పష్టంగా ఉంది. పొట్టి పొడుగుల పాత్ర మాత్రం ఒంటరిగానూ లేదు, కష్టాలతో కలిసీ లేదు. ఊరుకుంటారా? 2011లో ఇంకో బృందం 54 అధ్యయనాలు కలిపి 'ఉంది' అంది. మీరు ఏరినవి తప్పంటే మీరు ఏరినవి తప్పని కొట్టుకున్నారు. చివరికి పరస్పరం నమ్మని వర్గాలు కూడా కూర్చుని ముందే నియమాలు రాసుకుని, 31 చోట్లనుంచి 38,802 మంది సమాచారం కలిపి చూశాయి. 2018లో ముద్రణకొచ్చిన ఆ ఫలితంలో చెప్పుకోదగ్గ ప్రభావమేదీ తేలలేదు. 2019లో రిచర్డ్ బోర్డర్ బృందం ఈ ఒక్క జీన్‌తో ఆగకుండా, కుంగుబాటుకి కారణమని పాతికేళ్లుగా పేరుబడ్డ 18 జీన్లనీ లక్షల మందిలో (ఒక్కో పరీక్షలో 62 వేల నుంచి 4 లక్షల 43 వేల వరకు) పరీక్షించింది. ఆ 18 ప్రసిద్ధ జీన్లూ కళ్లు మూసుకుని ఏరిన జీన్ల కంటే ఏమంత మెరుగు కాదు.

ఇందులో మోసం ఉందని నేననుకోను. చిన్న శాంపిల్, బోలెడన్ని కొలతలు, వాటిలో కుదిరింది అచ్చుకి వెళ్తుంది, కుదరనిది సొరుగులోకి వెళ్తుంది. ఆడవాళ్లలో మాత్రమే కుదిరింది, టీనేజీలో మాత్రమే కుదిరింది, ఫలానా రకం కష్టానికే కుదిరింది - ఇలా వందల పేపర్లు. మన భాషలో చెప్పాలంటే ఫ్లేకీ టెస్టు. పదిసార్లు రన్ చేస్తే ఒకసారి పాసవుతుంది, ఆ పచ్చ గుర్తు స్క్రీన్‌షాట్ తీసి రిలీజ్ చేశారు.

వాతావరణం ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చెప్పే హెచ్చరిక 1999లోనే వచ్చింది. జాన్ క్రాబ్ బృందం పోర్ట్‌లాండ్, ఆల్బనీ, ఎడ్మంటన్ ఊళ్లలోని మూడు ల్యాబుల్లో ఒకే జాతుల చిట్టెలుకలకి, ఒకే పరికరాలతో, ఒకే వయసులో, పొద్దున్నే ఒకే వేళకి ఒకే పరీక్షలు పెట్టింది. ఆందోళన కొలిచే ఎత్తయిన చట్రం పరీక్ష కూడా అందులో ఉంది. జీన్లు ఒకటే, ఫలితాలు మాత్రం ల్యాబు ల్యాబుకీ తేడా. 'నా మెషీన్లో పనిచేస్తోందే' అని మనం అనే మాట వాళ్లకీ తప్పలేదు. ఎడ్మంటన్‌లో పరీక్ష చేసినాయనకి ఎలుకలంటే అలర్జీట, ముఖానికి రెస్పిరేటర్ తగిలించుకుని చేశాడు. దానివల్లే తేడా వచ్చిందని ఎవరూ తేల్చలేదు గానీ, రక్తసంబంధం ఒక్కటీ తీసేసి మిగతావన్నీ 'వాతావరణం' అనే డబ్బాలో పడేస్తున్నామంటే ఆ డబ్బాలో ఏమేం ఉంటాయో ఊహించుకోండి.

మరి జీన్ల పాత్ర లేనట్టేనా? ఇక్కడే చాలామంది రెండో గోతిలో పడతారు. పోయింది ఒక జీన్ కథ మాత్రమే. కవలల అధ్యయనాల్లో ఆందోళన రుగ్మతలకి వంశపారంపర్యత 30 నుంచి 40 శాతం అని 2001లో జాన్ హెట్టెమా బృందం తేల్చిన లెక్క అలాగే ఉంది. 2024లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన అధ్యయనం 12 లక్షల పైచిలుకు మందిని చూసి జన్యుపటంలో 51 చోట్ల ఆందోళనతో ముడిపడ్డ తేడాలు పట్టుకుంది. ఒక్కోదాని బలం అతి స్వల్పం. అంటే ఒక్క బగ్ కాదు, వేల చోట్ల ఒక్కో మిల్లీసెకను ఆలస్యం.

30 శాతం అంటే 'నా కంగారులో 30 పైసలు జీన్లవి, 70 పైసలు మేనేజరువి' అని అర్థం కాదు (చివరి భాగం నిజమైనా సరే). అది ఒక జనాభాలో మనుషుల మధ్య తేడాల గురించిన లెక్క. సాంబమసూరి, ఇంకో రకం విత్తనం కలిపి కాలవ మొదట్లో ఉన్న ఒక మడిలో చల్లామనుకోండి. నీరు అందరికీ సమానం కాబట్టి ఆ మడిలో మొక్కల ఎత్తులో తేడా చాలావరకు విత్తనానిదే. అవే విత్తనాలు కాలవ చివర, నీరందని మడిలో చల్లితే అక్కడా లోపలి తేడా విత్తనానిదే. కానీ ఈ మడికీ ఆ మడికీ ఉన్న తేడా మొత్తం నీటిది. 'వంశపారంపర్యం ఉంది కాబట్టి నీళ్లు పెట్టినా లాభం లేదు' అనే రైతు ఎవరూ ఉండడు.

ఇక చుట్టరికం సంగతి. 1992లో కెన్నెత్ కెండ్లర్ బృందం వర్జీనియాలో 1,033 జంటల ఆడ కవలల్ని పరిశీలించి, ఆందోళన రుగ్మతకీ కుంగుబాటుకీ జన్యుపరమైన మూలం దాదాపు ఒకటేనని చెప్పింది. ఎవరికి ఏది వస్తుందన్నది అనుభవాలు తేలుస్తాయి. ఏ అనుభవాలు? దానికి జవాబు 1981లోనే లండన్‌లో ఉంది. ఫిన్లే-జోన్స్, జార్జ్ బ్రౌన్ అనేవాళ్లు డాక్టరు దగ్గరికొచ్చే యువతుల జీవితాల్లోని ఘటనల్ని రెండు రకాలుగా విడదీశారు. జరిగిపోయిన నష్టం ఒకటి, జరగబోతుందేమో అన్న ప్రమాదం ఇంకోటి. నష్టం వెనక కుంగుబాటు, ప్రమాదం వెనక ఆందోళన ఎక్కువగా కనబడ్డాయి. రెండూ ఉన్నవాళ్లలో రెండూ.

2022, 2023ల్లో లేఆఫులు చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోయినవాడిది నష్టం. లిస్టులో తన పేరుందో లేదో తెలియక, ప్రతి క్యాలెండర్ ఇన్వైటుకీ గుండె దడదడలాడినవాడిది ప్రమాదం. ఆర్నెల్ల తర్వాత పోయినవాడు ఇంకో చోట చేరి హాయిగా నిద్రపోతుంటే, మిగిలినవాడు రాత్రి రెండింటికి లేచి మెయిల్ చూసుకునేవాడు. వీసా గడువు నెత్తిమీద ఉన్నవాళ్ల సంగతి సరే సరి.

పెంపకం గురించి 2004లో మాంట్రియల్‌నుంచి గొప్ప పని వచ్చింది. మైకేల్ మీనీ, మోషే షిఫ్ బృందం చూపించిందేమిటంటే, పుట్టిన మొదటి వారంలో తల్లి ఎలుక బాగా నాకి సాకిన పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడికి తక్కువ బెదురుతాయి. పిల్లల్ని తారుమారు చేసి పెంచినా ఫలితం పెంచిన తల్లినే అనుసరిస్తుంది. ఆ సాకడం ఒత్తిడిని అదుపు చేసే ఓ జీన్ మీద రసాయన ముద్రల్ని మారుస్తుంది. జీన్ అదే, దాని మీటలు వేరు. బ్రహ్మాండమైన పని. కానీ దీన్ని పట్టుకుని మనుషుల్లో ప్రతిదానికీ 'ఎపిజెనెటిక్స్' అని పేరు పెట్టేస్తే పొట్టి జీన్ కథ మళ్లీ మొదటినుంచి నడిపించినట్టే. పైగా నేరం ఎప్పట్లాగే తల్లి మీద పడుతుంది.

మనుషుల్లో నాకు బాగా నచ్చింది 2015లో థాలియా ఈలీ బృందం స్వీడన్‌లో చేసింది. అమ్మానాన్నలు జీన్లూ ఇస్తారు, ఇల్లూ ఇస్తారు, రెంటినీ విడదీయడం ఎలా? ఒకేలా ఉండే కవల అక్కచెల్లెళ్లని తీసుకోండి. పిల్లకి అమ్మతో ఎంత జన్యు సంబంధమో ఆ పెద్దమ్మతోనో, పిన్నితోనో అంతే. కంగారు రక్తంలోంచే వస్తే పిల్ల కంగారు పెద్దమ్మ కంగారుతో కూడా అంతే పోలాలి. పోలలేదు. టీనేజీ పిల్లల ఆందోళన తమ ఇంట్లోవాళ్లతోనే ముడిపడి ఉంది, ఆ పోలికలో జన్యు వాటా దాదాపు కనబడలేదు. ఇంట్లో పెద్దాళ్లు 'జాగ్రత్త, పడతావ్, వద్దు' అంటూ ప్రపంచాన్ని ఎలా చూపిస్తారో అలా అంటుకుంటుందన్నమాట. పిల్లల కంగారు చూసి పెద్దాళ్లు కంగారు పడటం కూడా అందులో కొంత ఉండొచ్చు. ఆ దిశ ఎటన్నది ఆ లెక్క తేల్చలేదు.

మారదేమో అని దిగులుపడే మొదటి పార్టీవాళ్లకి చూపించాల్సింది 1924లో మేరీ కవర్ జోన్స్ చేసిన పని. వాట్సన్ పిల్లాడికి భయం నేర్పితే, ఈవిడ పీటర్ అనే మూడేళ్లు నిండని పిల్లాడికి ఉన్న భయాన్ని వదిలించింది. వాడికి కుందేలంటే భయం, ఎలుకంటే భయం, దూది ఉండంటే కూడా భయం. ఎందుకొచ్చిందో, రక్తంలోదో నేర్చుకున్నదో ఎవరికీ తెలియదు, ఆవిడ దాన్ని తేల్చేదాకా ఆగలేదు. భయపడని పిల్లల మధ్య ఆడిస్తూ మొదలుపెట్టింది. బాగుపడుతుండగా వాడికి జ్వరం వచ్చి రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంటికి బయల్దేరుతుంటే పెద్ద కుక్క ఒకటి మీదికి ఉరికింది. భయం మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెడుతూ, పంజరంలో కుందేలుని వాడు తినడం మానేయనంత దూరంలో ఉంచి, రోజురోజుకీ కాస్త దగ్గరికి జరిపింది. ఇవాళ ఫోబియాలకి డాక్టర్లు చేసే చికిత్స చాలావరకు దీని వారసత్వమే. చివరికొచ్చేసరికి కుందేలు వేళ్లు కొరుకుతున్నా పీటర్ ఊరుకున్నాడు.